తోక బరువు

మా ఇంట్లో భయపడేదాన్ని నేనొక్కదాన్నే. తక్కినవాళ్లందరికీ విశ్వాసం ఉంది. నాకూ ఉంది. ఆదివారం చర్చి తప్పను, ఉపవాస ప్రార్థనల్లో ముందు వరసలో కూర్చుంటాను. కానీ గ్యాస్ ఆపానో లేదో అని సగం దారిలోంచి వెనక్కి పరుగెత్తే రకం నాది. "భయపడినావంటే దేవున్ని నమ్మలేదనే సుజాతా," అంటుంది మా అత్త జీవమ్మ. కొత్తకోడలిగా నంద్యాలలో అడుగుపెట్టిన నాటినుంచీ ఈ మాట వింటున్నాను. విని విని చెవులు చిల్లులు పడ్డాయి గాని భయం మాత్రం తగ్గలేదు.

మా అత్త బైబిల్ ఉమన్‌గా పనిచేసింది, అంటే గడప గడపకూ తిరిగి వాక్యం చెప్పే ఆడమనిషి. నల్లమలలోని చెంచు గూడేల్లో ఆమెను ఎరగని ఇల్లు లేదు. డెబ్బై దాటినా సభలకు పోతే రెండు మూడు రోజులు అక్కడే ఉండి వస్తుంది. మోకాళ్లు అరిగిపోయాక నేలమీద పడుకోలేక, అవసరానికి గుట్ట వెనక్కి నడవలేక నానా అవస్థ పడింది. పోవడం మానుకోమంటే వినదు. అందుకని మా ఆయన జయప్రకాష్ ఆర్టీసీలో డ్రైవరుగా గడువుకు ముందే రిటైరైన ఏడాదే ఆళ్లగడ్డలో ఒక వెల్డింగ్ షెడ్డు పట్టుకుని, రెండు చక్రాల ట్రైలర్ మీద చిన్న ఇల్లు కట్టించాడు. ముందువైపు రెండు మంచాలు, మధ్యలో పొయ్యి గట్టు, మూలకు మరుగుదొడ్డి, వెనకవైపు తలుపు. కిటికీలకు నేనే పూల కర్టెన్లు కుట్టాను. ముచ్చటైన ఇల్లే, కాదనను.

ఇక దాన్ని లాగడానికి ఒక పికప్ కావాలి. నా గుండెదడ అక్కడ మొదలైంది.

మా మరిది తిమోతి నంద్యాలలో పాత బండ్లు బేరం కుదురుస్తుంటాడు. రెండు బండ్లు చూపించాడు. ఒకటి నంద్యాలలోనే ఉంది. తెల్లది, చిన్నది, కొత్తదనే చెప్పాలి. లోపల ఏసీ. కానీ ముందు ఒకటే సీటు, ఇరుక్కుని కూర్చుంటే ముగ్గురు. రెండోది డోన్‌లో ఉంది. పెద్దది, రంగు వెలిసింది, తలుపు వేస్తే వీధిలో కుక్కలు లేస్తాయి. కానీ దానికి రెండు వరసల సీట్లున్నాయి. ఇంటిల్లిపాదీ బండిలోనే కూర్చోవచ్చు.

"ఆ డోన్‌దే తీసుకోయ్యా," అన్నాను మా ఆయనతో. "తెల్లదాంట్లో ముగ్గురికే చోటు. తక్కినోళ్లు యాడ కూర్చోవాల? ట్రైలర్లోనా? మనుషులు ట్రైలర్లో ఎక్కగూడదు, పోలీసోళ్లు పట్టుకుంటారు. అదీగాక ఇంత ఇంటిని ఆ చిన్నబండి ఘాట్‌లో ఎట్ల లాగుతాది? ఎట్ల ఆపుతాది?"

"ఇరవై తొమ్మిదేళ్లు బస్సు నడిపినా నేను. నాకు చెప్తాండావా?"

"బస్సు ఒకటే ముక్క గదయ్యా. ఇది రెండు ముక్కలు."

ఆయన నవ్వాడు. మా ఆయన మంచివాడే గాని కొత్త బండి వాసన తగిలితే చిన్నపిల్లాడైపోతాడు.

నా పోరు పడలేక ట్రైలర్‌ను ఆళ్లగడ్డలో కాటా వేయించాడు. తెల్లబండి లాగగల బరువులోనే ఉందట. నేను ఊరుకుంటానా? ఖాళీది తూకం వేస్తే ఏం లాభం, సామాను ఎక్కించి, మనుషుల్ని ఎక్కించి వేయమన్నాను. అప్పుడు మా అత్త అడ్డం వచ్చింది. దావీదు రాజు జనాన్ని లెక్కబెట్టినందుకు దేశం మీద తెగులు వచ్చి పడిందని బైబిల్లో ఉంది. అది ఆమెకు ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టనివ్వదు, దేవుని పేరున వచ్చిన కానుకను తూచనివ్వదు. కోతల పండక్కి చర్చికి తెచ్చిన ధాన్యం కూడా తూకం లేకుండానే రాశి పోయించేది.

"దేవుని పనికి పోయే బండిని కాటా మీదికి ఎక్కిస్తావా? ప్రార్థనలో పెడదాం. ఆయనే చూపిస్తాడు," అంది.

ప్రార్థనలో పెట్టారు. కొన్నాళ్లకు ఒక పొద్దున లేచి, తెల్లదే దేవుని చిత్తమని చెప్పింది.

"దేవునికి గూడా ఏసీ నచ్చినట్టుండాది," అన్నాను నేను.

మా ఆయన నవ్వాపుకోలేక పెరట్లోకి పోయాడు. నాకు మాత్రం ఒక్క ఆశ మిగిలింది. తెల్లబండి ఓనరు ఒక ట్రిప్పు నడిపి చూసుకోమన్నాడు, నచ్చకపోతే తిరిగి ఇచ్చేయొచ్చు. ఆ ఒక్క ట్రిప్పు క్షేమంగా గడిపించు ప్రభువా, తర్వాత ఎట్లాగో డోన్ బండికి మళ్లిస్తాను అనుకున్నాను.

ఆ ట్రిప్పుకు ఒక భారం జతయింది. ఘాట్ అవతలి గూడెంలో కొత్తగా ప్రార్థన మందిరం కట్టారు. దానికోసమని మా సంఘంవాళ్లు ఆళ్లగడ్డ శిల్పులతో రాతి సిలువ చెక్కించారు. ట్రైలర్ ఎటూ ఆళ్లగడ్డలోనే ఉంది కాబట్టి మాతోనే పంపిస్తామన్నారు. చెక్కిన సుబ్బరాయుడు ఏడాది పొడవునా గుళ్లకు విగ్రహాలు చెక్కే మనిషి. "మా దేవుళ్లకు చేతులు, కిరీటాలు, నగలు చెక్కి చెక్కి వేళ్లు పోతాయమ్మా. మీది సులువు, రెండు గీతలే," అని నవ్వాడు. సులువైనదాన్ని ఎత్తడానికి షెడ్డులో ఉన్న మగాళ్లంతా కావలసి వచ్చారు. పగ్గాలు వేసి, దుంగల మీద దొర్లించి ట్రైలర్ వెనక తలుపు దగ్గర పడుకోబెట్టారు. పెట్టగానే ట్రైలర్ తోక కిందికి దిగింది. దాని పక్కనే నీళ్ల డ్రమ్ము, బియ్యం మూటలు, ఎవరెవరో ఇచ్చిన దుప్పట్ల కట్టలు. దేవుని పేరున ఇచ్చేదాన్ని వద్దనకూడదు కదా.

ముందు సీట్లో మా ఆయన, తిమోతి, నేను. ట్రైలర్లో మా అత్త. ఆమె ఒక్కతే ఎందుకని నా కూతురు అక్షయ కూడా అందులోనే ఎక్కింది. నర్సింగు చదువుతోంది, అవ్వంటే ప్రాణం. నేను వద్దన్నాను, అరిచాను, నేను ఎక్కుతాను నువ్వు ముందుకు రా అన్నాను.

"నీ భయం ఈడికి తేవద్దు," అంది మా అత్త మంచం మీద సర్దుకుంటూ. "బిడ్డను నా దగ్గర ఉండనీ."

ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా రోడ్డు చదును. చదును రోడ్డు మీదే నాకు భయం పట్టుకుంది. నావైపు అద్దంలో చూస్తుంటే ట్రైలర్ ఒకసారి ఇటు, ఒకసారి అటు నెమ్మదిగా ఊగుతోంది. మా ఆయనకు చెప్తే గాలి అన్నాడు. తిమోతి పాట అందుకున్నాడు. నంద్యాల బైపాసులో టీ కోసం ఆపినప్పుడు దిగి చుట్టూ తిరిగి చూశాను. వెనక ఇంత బరువు తగిలించినందుకు పికప్ వెనకభాగం కుంగి ఉండాలి గదా. అది పైకి లేచి ఉంది. హుక్ దగ్గర ట్రైలర్ మూతి బండిని పైకి ఎత్తుతోంది. నాకు ఇంజన్ల సంగతి తెలీదు. కానీ కావడిలో వెనక కుండ బరువైతే ముందుది లేస్తుందని తెలుసు.

"సిలువను ముందుకు జరపండి," అన్నాను. "బరువంతా తోకలో ఉంది."

మా ఆయన వంగి చూశాడు. ఆయన మొహంలో మొదటిసారి ఆలోచన కనిపించింది. "ముందుకు అంటే మంచాల కిందికే తొయ్యాల," అన్నాడు.

"మంచాల కిందికా?" మా అత్త కిటికీలోంచి తల బయటికి పెట్టింది. "సిలువ మీద కాళ్లు జాపుకొని పండుకోమంటావా నన్ను? ఎవురన్నా వింటే ఏమంటారు?"

"పండుకోవద్దు. కూర్చో," అన్నాడు మా ఆయన.

"నేను బతికుండగా దాని మీద కాలు పెట్టను, ఎవురినీ పెట్టనీను. బేగా బయల్దేరండి, గూడెంలో జనం కాచుకోనుంటారు."

మా ఆయన తల్లివైపు చూశాడు, నావైపు చూశాడు. తిమోతి గ్లాసు పారేసి, "ఏం గాదులే వదినా, దేవుని సిలువను దేవుడే మోసుకుంటాడు," అన్నాడు. అంతే. టీ కొట్టు దగ్గరున్న మగాళ్లందరినీ అడిగి జరిపిస్తే అయిపోయే పని. ఆమె మాట దాటి ఆ ఇంట్లో ఎవరూ ఏదీ చేయలేదు. నా కూతురు కిటికీలోంచి చెయ్యి ఊపింది.

గాజులపల్లె దాటి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాం. తెల్లబండి ఏడ్చింది. ఫస్ట్ గేరు, సెకండ్ గేరు, మళ్లీ ఫస్ట్. ఏదో కాలిన వాసన లోపలికి వచ్చింది. మా ఆయన ఏసీ ఆపేశాడు, చొక్కా అంతా తడిసి వీపుకు అంటుకుంది. ఎక్కేటప్పుడు ఎంత బాధపడినా బండి పడిపోదులే అని నాకు నేను చెప్పుకున్నాను. దిగడం గురించి మాత్రం అట్లా చెప్పుకోలేకపోయాను.

కొండ తల దాటాం. రోడ్డు కిందికి వంగింది. కుడిపక్క లోయ, ఎక్కడో అడుగున రైలు పట్టాలు. ఎడమపక్క కొండ. కాసేపు బాగానే నడిచింది. తర్వాత వెనకనుంచి ఎవరో రెండు చేతులతో తోసినట్టు అనిపించింది. ముందు మలుపులో లారీ వస్తోంది. మా ఆయన బ్రేకు తొక్కాడు.

అప్పుడు తోక తిరిగింది. ట్రైలర్ పక్కగోడ మొత్తం నా అద్దంలోకి వచ్చింది, నేను కుట్టిన పూల కర్టెన్‌తో సహా. వెంటనే మాయమై అవతలివైపు పోయింది. అటు పోయినప్పుడు పికప్ మూతి ఇటు తిరిగింది. మళ్లీ ఇటు. ప్రతిసారీ అంతకుముందుకంటే ఎక్కువ. మా ఆయన స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతున్నాడు, బ్రేకు తొక్కుతున్నాడు, తొక్కేకొద్దీ అది రెచ్చిపోతోంది. ఎప్పుడూ వాగుతూ నడిపే మనిషి నోట్లోంచి ఒక్క మాట రాలేదు. అదే నన్ను చంపేసింది. తిమోతి "స్తోత్రం, స్తోత్రం" అని కేకలు పెడుతున్నాడు. లారీ హారన్ మా పక్కనుంచే కోసుకుంటూ పోయింది. నేను అద్దంలోకే చూస్తున్నాను. ఆ గోడ వెనక నా బిడ్డ ఉంది. దేవుడా, నా బిడ్డ ఆ గోడ వెనక ఉంది.

ట్రైలర్ తోక ఎడమవైపు కొండకు కొట్టుకుంది. ఇనుము చిరిగిన చప్పుడు. ఏదో పెద్దది రోడ్డు మీద పడింది. పడిన తర్వాత ఊపు తగ్గింది, హుక్ మీద బరువు కూర్చున్నట్టు పికప్ కిందికి కుంగింది. మా ఆయన ఎడమపక్క కాలవలోకి తిప్పేశాడు. బండి రాళ్ల మీద గీసుకుంటూ పోయి ఆగింది.

ఎట్లా దిగానో నాకు తెలీదు. చెప్పుల్లేవు. ట్రైలర్ వెనక్కి పరుగెత్తాను. తలుపు లేదు. తలుపు ఉన్నచోట పెద్ద బొక్క. లోపల మంచాలు కనిపిస్తున్నాయి. మంచాల మీద ఎవరూ లేరు. వెనక్కి తిరిగి రోడ్డు చూశాను. దూరంగా సిలువ రెండు ముక్కలై పడి ఉంది, దాని పక్కన దుప్పట్లు, నీళ్ల డ్రమ్ము. దుప్పట్ల కింద ఎవరన్నా ఉన్నారేమో అనుకున్నాను. అటు రెండడుగులు వేశాను.

"సుజాతా."

లోపలినుంచే వచ్చింది. సన్నగా, మా అత్త గొంతు. "సుజాతా, సుజాతా, సుజాతా."

పొయ్యి గట్టు కింద, గిన్నెల మధ్య ఇద్దరూ ఇరుక్కుని ఉన్నారు. అక్షయ నుదురు పగిలి రక్తం కారుతోంది, కళ్లు తెరిచే ఉంది. మా అత్త ఒక చేత్తో గట్టు కాలు పట్టుకుంది, ఇంకో చేత్తో నా బిడ్డ జడను మణికట్టుకు చుట్టుకుని పట్టుకుంది. బిడ్డను లాక్కుని గుండెకు అదుముకున్నాను. ఆ తర్వాత మా అత్త వేళ్లు విడిపించాల్సి వచ్చింది, ఒక్కొక్కటే. అవి వాటంతటవి తెరుచుకోలేదు.

వెనకనుంచి తిమోతి ఏడుస్తూ వచ్చాడు. "చూసినావా వదినా! సిలువే మనల్ని కాపాడినాది. అది పడిపోబట్టే గదా బండి నిలిచింది!"

"నోర్ముయ్ తిమోతీ. అది ఆడ ఉండబట్టే గదా మనం సావబోయింది. రాయిని రాయి లాగ చూసుంటే సరిపోయుండేది."

అంతకు ముందెప్పుడూ మరిదిని అట్లా అనలేదు. మా అత్త వారించలేదు. నా భుజం పట్టుకుని దిగి, రోడ్డు పక్కన రాయి మీద కూర్చుంది. మా ఆయన ఇంకా స్టీరింగ్ ముందే ఉన్నాడు. కాలు బ్రేకు మీదే ఉంది. "నాకు చేతగాలేదు సుజాతా," అన్నాడు. అంత పెద్దమనిషి కళ్లలో నీళ్లు చూసి నేనూ ఏడ్చాను.

చప్పుడు విని గూడెం నుంచి జనం ఎక్కి వచ్చారు. వాళ్ల పెద్ద బాలయ్య పడిన ముక్కల చుట్టూ తిరిగి, "ఇంత రాయి యాంటికమ్మా మాకు? కట్టెతో మేమే చేసుకొనుంటిమి గదా," అన్నాడు. మా అత్త తలెత్తలేదు. అక్షయ తలకు ఆమే తన కొంగు చింపి కట్టింది. కట్టు కడుతూ, నాకు మాత్రమే వినబడేటట్టు చెప్పింది.

"నేను యేసయ్యా అని అన్లేదు సుజాతా. అంతసేపూ నీ పేరే వచ్చినాది నోటికి. నాకు శానా భయమేసింది."

ఆమె చెయ్యి పట్టుకున్నాను.

తెల్లబండిని బాగుచేయించి తిరిగి ఇచ్చేశాం. ట్రైలర్‌కు కొత్త తలుపు పెట్టించాం. అక్షయ నుదుటి కుట్లు విప్పిన వారం, ఒక పొద్దున అందరం డోన్ పోయాం. ఈసారి ఎవరూ ప్రార్థనలో పెడదాం అనలేదు. మా ఆయన, తిమోతి నా వెనకాలే నడిచారు. నేను హుక్ చూశాను, బ్రేకు చూపించమన్నాను, లోడుతో ఎంత లాగుతుందో రెండుసార్లు అడిగించాను. సీట్లు వెడల్పుగా ఉన్నాయి. ఇదే తీసుకుందాం అన్నాను.

అనగానే మా అత్త వెనక సీట్లోకి ఎక్కి కూర్చుంది. పక్కన అక్షయ. ముందు మా ఆయన, తిమోతి. ఎవరూ ఏమీ అడగలేదు. మా అత్త చీర సర్దుకుని, "నువ్వు చూసినావు గదా. ఇంక నాకేం భయం లేదు," అంది నవ్వుతూ.

ఘాట్‌లో కూడా నాకు అంత భయం వేయలేదు. ఇంతకాలం ఆమె దేవుని మీద వేసిన బరువంతా తెచ్చి నా నెత్తిన పెట్టింది, అదే మొహంతో. ఆ బండిలో నా బిడ్డ కూర్చుని ఉంది, నేను బాగుందంటే బాగున్నట్టేననుకుంటోంది. తలుపు పట్టుకుని నిలబడిపోయాను. కోపం వచ్చింది.

"దిగత్తమ్మా," అన్నాను. "దిగు. అందరూ దిగండి. నేనేం దేవతనా? నేను చూస్తే అయిపోయిందా? ఇంతమందికీ కలిపి నేనొక్కదాన్నే ఎంతని భయపడాల? మీరు గూడా భయపడండి. కొంచెం కొంచెం పంచుకోండి."

అమ్మే మనిషి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మా అత్త నా మొహంలోకి చూసింది. కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. చేతికర్ర తీసుకుని మెల్లగా దిగింది. బండి చుట్టూ నడవడం మొదలుపెట్టింది. ముందు చక్రం దగ్గర ఆగింది, వెనక చక్రం దగ్గర ఆగింది. మోకాళ్లు నొప్పి పుడుతున్నా బండిని పట్టుకుని వంగి, చక్రం లోపలివైపు చెయ్యి పెట్టి తడిమింది. ఇరవై ఏళ్లకు పైగా ఆమెతో ఉన్నాను, ఆమె దేన్నీ అనుమానంగా తడమడం నేను చూడలేదు.

"సుజాతా," అంది. "ఈ టైరు ఈడ ఉబ్బినట్టుండాదే. ఏందీ ఇది?"

పొద్దుట్నుంచి ఆ బండి చుట్టూ తిరుగుతున్నది నేను. లోపలివైపు నేను చూడలేదు. నేనూ వంగి చెయ్యి పెట్టాను. పిడికిలంత ఉబ్బు, వేళ్లకు మెత్తగా తగిలింది.

బండిలోంచి ఒక్కొక్కరే దిగి మా పక్కకు వచ్చి వంగారు.